జపాన్ పాఠానికి నేనిచ్చిన నోట్సు

2009లో, కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళోని ఒక కాలేజీలో ‘జపాన్: ప్రజలు, చరిత్ర’ అనే కోర్సు చెప్పే పని నాకు అప్పగించారు. హోదా పార్ట్‌టైమ్ ప్రొఫెసర్. పేరు చూసి మోసపోకండి. టర్ము అంటే పద్నాలుగు వారాలు. ప్రతి టర్ముకీ కొత్త కాంట్రాక్టు. అది వస్తుందో రాదో రెండు వారాల ముందు దాకా తెలియదు. సొంత గది ఉండదు, పది మందికి కలిపి ఒక బల్ల, ఒక ప్రింటరు. గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళు చరిత్ర లెక్చరర్‌గా చేసి, నలభై అయిదో ఏట ఈ దేశం వచ్చి, కాల్ సెంటర్‌లో తిట్లు తిని, చివరికి మళ్ళీ చరిత్ర చెప్పే పని దొరికితే అదే పదివేలనుకున్నవాణ్ణి నేను. ప్రొఫెసర్ అని రాసిన ప్లాస్టిక్ కార్డు మెడలో వేసుకుని తిరగడం నాకు ఇష్టంగానే ఉండేది. దాచడమెందుకు?

ఇక్కడ డిప్లొమా చదివే ప్రతివాడూ తన సబ్జెక్టుకి సంబంధం లేని కోర్సు ఒకటో రెండో తీసుకోవాలి. దాన్ని జనరల్ ఎలెక్టివ్ అంటారు. నాది అలాంటిది. మొదట్లో ముప్ఫై మంది ఉండేవారు. జపాన్ కార్టూన్లంటే పడిచచ్చే స్థానికుల పిల్లలు. తరువాత విద్యార్థుల వరద మొదలైంది. పంజాబ్, గుజరాత్, మన రెండు రాష్ట్రాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కూర్చోబెట్టడానికి కుర్చీలున్నాయా అని కూడా చూడకుండా కాలేజీ చేర్చుకుంటూనే పోయింది. 2018 సెప్టెంబరు టర్ము నాటికి నా క్లాసులో వందమందికి పైగా ఉన్నారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడేవారు. ఇందులో జపాన్ మీద మోజుతో వచ్చినవాళ్ళెవరూ లేరు. నా కోర్సు శుక్రవారం మధ్యాహ్నం, ల్యాబు లేదు, మిగతా రోజులు ఉద్యోగాల షిఫ్టులకి ఖాళీగా ఉంటాయి. ఆ ముక్క వాళ్ళే మొహం మీద చెప్పారు. నాకేం కోపం రాలేదు.

జపనీయులు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అన్నది మొదటి నాలుగు వారాల పాఠం. కుండల మీద తాడు ముద్రల వల్ల జోమోన్ అని పేరుపడిన ప్రజలు వేల ఏళ్ళ పాటు ఆ దీవుల్లో వేటాడుతూ, చేపలు పడుతూ బతికారు. ఆ తరువాత కొరియా వైపు నుంచి వరీ లోహాలూ పట్టుకుని, మనం యాయోయి అని పిలిచే జనం క్యూషూ దీవి ఒడ్డున దిగారు. వాళ్ళొచ్చి వీళ్ళని తుడిచిపెట్టేశారని పాత చరిత్రకారులు రాశారు. కాదు, ఇద్దరూ కలిసిపోయారని ఎముకలూ డి.ఎన్.ఏ. పరిశోధనలూ తరువాత తేల్చాయి. ఉత్తరాన హొక్కైడోలోని ఐనూలు ఆ మొదటివాళ్ళ వారసత్వాన్ని ఎక్కువ పాలు నిలుపుకున్నారు. లిపి చైనా నుంచి వచ్చింది, బౌద్ధం కొరియా మీదుగా వచ్చింది. కానీ ఎనిమిదో శతాబ్దంలో రాజాస్థానం తన చరిత్ర తాను రాయించుకున్నప్పుడు మాత్రం రాజవంశం సూర్యదేవత దగ్గర నుంచి తిన్నగా దిగింది. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం ఫోన్లలో ఉన్న తలలు కూడా లేచేవి. మన రాజులకీ సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు కదా మరి.

మూడో వారంలో, క్లాసయ్యాక అయిదుగురు తెలుగు పిల్లలు నా చుట్టూ చేరారు. ముందున్న అమ్మాయి పేరు మౌనిక. జగిత్యాల దగ్గర ఊరు. సప్లై చెయిన్ డిప్లొమాలో ఆఖరి టర్ము.

"సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఏంటియో జర చెప్పుండ్రి సార్. నోట్స్ ఇస్తే ఇంకా మంచిగుంటది," అంది.

నోట్స్! ఈ దేశంలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. మన కాలేజీల్లో లెక్చరర్ అంటే నోట్సు చెప్పేవాడే. సైడ్ హెడ్డింగులు పెట్టి, నెమ్మదిగా, కామాతో సహా చెబితే పిల్లలు తల దించుకుని రాసుకుంటారు. ఎవరి నోట్సు బాగుంటే వాడు గొప్ప లెక్చరర్. ఇక్కడ మొదటి టర్ములో అలవాటు కొద్దీ అలా చెప్పబోతే ఒక కుర్రాడు చెయ్యెత్తి, ఇది స్లయిడ్ల మీద ఉందా అని అడిగాడు. ఆ రోజు నుంచి మానేశాను. ఇప్పుడీ పిల్ల అడిగేసరికి నా ప్రాణం లేచొచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ వారాంతం రెండు రోజులూ కూర్చుని ఆరు ప్రశ్నలకి జవాబులు ఇంగ్లీషులో టైపు చేశాను. మొదటిది ‘జపనీయుల మూలాలు’. ముఖ్యమైన మాటల కింద గీతలు కూడా గీశాను. వాక్యాలు అలా ధారగా వస్తుంటే, ఫరవాలేదే, చెయ్యి ఇంకా తిరుగుతోందే అని మురిసిపోయాను. వాట్సాప్‌లో మౌనికకి పంపించి, మిగతావాళ్ళకి నువ్వే ఇవ్వమ్మా అన్నాను.

ఇక్కడి పద్ధతి ప్రకారం అది తప్పు. క్లాసుకి ఇచ్చేదేదైనా కాలేజీ పోర్టల్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. కొందరికి విడిగా ఇవ్వకూడదు. పరీక్ష పేపరు పెట్టేది నేనే. ఆ ఆరు ప్రశ్నల్లో రెండు పేపరులో ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. నోట్సు ఇచ్చి అందులోంచి అడగకపోతే పిల్లలు ఏమనుకుంటారో అనే ఆలోచన తప్ప ఆ క్షణాన నాకింకేం లేదు.

మిడ్‌టర్మ్ కంప్యూటర్ ల్యాబులో జరిగింది. పుస్తకాలు, ఫోన్లు చూడకూడదు. జవాబులు టైపు చేసి పంపగానే ఒక సాఫ్ట్‌వేరు వాటిని పుస్తకాలతో, ఇంటర్నెట్‌తో పోల్చి, కలిసిన చోటల్లా ఎర్ర రంగు పులుముతుంది. దాన్ని సిమిలారిటీ రిపోర్టు అంటారు. ఒక హద్దు దాటి ఎరుపు కనిపిస్తే, అయిదు పనిదినాల్లో ఇంటెగ్రిటీ ఫారం అనే ఫిర్యాదు పత్రం నింపాలి. ఇది ప్రొఫెసరు ఇష్టం కాదు, డ్యూటీ.

మౌనిక పేపరు తెరిస్తే మొదటి జవాబు మొత్తం ఎర్రగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోట్సు ఇచ్చి నెత్తిన పెట్టుకుంటే, ఫోను చూసి ఇంటర్నెట్‌లోంచి దించుతుందా? జవాబు పూర్తిగా చదవలేదు. ఏ పుస్తకంతో కలిసిందో చూడలేదు. ‘అనుమతి లేని పరికరం వాడినట్టు అనుమానం’ అన్న గడిలో టిక్కు పెట్టి, అరగంటలో ఫారం పంపించేశాను. అయిదు రోజుల గడువుండగా అరగంటలో పంపించిన ఘనుణ్ణి.

మర్నాడు, కాలేజీ నుంచి నోటీసు అందగానే, ఆ పిల్ల మా ఉమ్మడి బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. షిఫ్టులో వేసుకునే వేర్‌హౌస్ జాకెట్ ఇంకా ఒంటిమీదే ఉంది.

"సార్, నేనేం చూడలే సార్. ఫోన్ బ్యాగుల పెట్టిన. బ్యాగేమో ముందట టేబుల్ మీదుండె. మీ నోట్సే సార్, బట్టీ పట్టిన. బస్సుల పోంగ రాంగ చదివిన."

"మొత్తమా?"

"మొత్తం సార్. అండర్‌లైన్లు సుత యాదికున్నయ్."

ఆ తరువాత అసలు సంగతి చెప్పింది. మొదటి టర్ములో ఎవరితోనో కలిసి అసైన్‌మెంట్ చేసినందుకు ఆమె మీద ఇప్పటికే ఒక వార్నింగ్ ఉంది. రెండోది రుజువైతే ఒక టర్ము సస్పెన్షన్. చదువు మధ్యలో అలా విరామం వస్తే, డిప్లొమా అయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ రాకపోవచ్చు. "పర్మిట్ రాకపోతే నేనొచ్చిందే దండుగ సార్," అంది. చదువు చివర్లో ఈ పర్మిట్ ఉందనే వీళ్ళంతా వచ్చారు, ఉందనే కాలేజీ వీళ్ళని పిలిచింది. ఈ కోర్సు జపాన్ గురించి కాకుండా చందమామ గురించైనా ఆ పిల్ల అంతే శ్రద్ధగా బట్టీ పట్టేది.

ఆమెని పంపించి రిపోర్టు మళ్ళీ తెరిచాను. ఎడమవైపు ఆమె జవాబు, కుడివైపు అది కలిసిన పుస్తకం. పేరు చూడగానే గుర్తుపట్టాను. ఎప్పటిదో బ్రిటిష్ పాఠ్యపుస్తకం. మా ఎం.ఏ. రోజుల్లో లైబ్రరీలో ఒకే ఒక్క కాపీ ఉండేది, బయటికి ఇచ్చేవారు కాదు. మూడు అధ్యాయాలు చేత్తో ఎత్తి రాసుకుని బట్టీ కొట్టాను. ఆ పేపర్లో నాకే ఫస్టు మార్కు. నలభై ఏళ్ళ తరువాత నా చెయ్యి తిరుగుతోందని మురిసిపోయానే, తిరిగింది అది. దీవుల చుట్టూ సముద్రాన్ని అగడ్తతో పోల్చిన వాక్యం చాలా బాగా కుదిరిందనుకున్నాను. అది కూడా ఆ పుస్తకం రాసినాయనదే. నావి సైడ్ హెడ్డింగులూ, గీతలూ మాత్రమే. అంతకన్నా సిగ్గుచేటు, క్లాసులో నేను ఖండించిన పాత సిద్ధాంతం, యాయోయి జనం జోమోన్లని తుడిచిపెట్టేశారన్నది, నోట్సులో భేషుగ్గా కూర్చుని ఉంది. ఐనూల గురించి ఈ రోజుల్లో ఎవరూ వాడని కించపరిచే మాట కూడా.

మిగతా నలుగురూ తలా కాస్త గుర్తుపెట్టుకుని, తలా కాస్త సొంతంగా రాశారు. వాళ్ళ పేపర్లలో ఎరుపు హద్దు దాటలేదు. పూర్తిగా నమ్మి చదివింది మౌనిక ఒక్కతే.

పంపిన ఫారం వెనక్కి తీసుకోవడం కుదరదు. విచారణకి పది రోజులుంది. ఇంట్లో మా ఆవిడ సరోజకి చెప్పాను.

"ఆ పిల్లకి ఇచ్చింది మీరేగా? వెళ్ళి చెప్పెయ్యండి," అంది కూర తరుగుతూ.

"కాంట్రాక్టు పోతుందే!"

"పోతే పోనివ్వండి. ఇంకెన్నాళ్ళు చేస్తారు?"

"అరవై నాలుగేళ్ళొచ్చాక మూర్తిగారు కాపీ కొట్టాడని అనిపించుకోమంటావా?"

"ఆ పిల్ల ఇరవై మూడేళ్ళకే అనిపించుకుంటోందిగా," అంది. కాంట్రాక్టు అనేది నేను చెప్పుకున్న సాకు. అసలు భయం పరువు గురించి. క్లాసుల్లో, సభల్లో, స్నేహితుల ఇళ్ళల్లో, బట్టీ చదువులు మన దేశాన్ని పాడుచేశాయని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఫిర్యాదు ఫోను వాడిందని కదా! వాడలేదని రుజువైతే కేసు కొట్టేస్తారు. ఆ జవాబు ఆమెకి కంఠతా వచ్చని కమిటీ ముందే చూపిస్తే సరి. నోట్సు ఊసే రానక్కర్లేదు, నా పేరూ రానక్కర్లేదు. మౌనికని పిలిచి, అక్కడ అప్పజెప్పగలవా అని అడిగాను. "నిద్రల లేపి అడిగినా చెప్త సార్," అంది. మొహంలో కాస్త వెలుగొచ్చింది. నోట్సు సంగతి ఎత్తవద్దని నేను నోటితో చెప్పలేదు. కానీ, "అడిగినదానికే జవాబు చెప్పమ్మా, ఎక్కువ మాట్లాడకు," అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు అసోసియేట్ డీన్ లిండా, అంటే మా విభాగంలో డీన్ తరువాతి అధికారి. చరిత్ర విభాగం నుంచి కెవిన్ అనే పర్మనెంట్ ప్రొఫెసర్, నా కొడుకు వయసు. మూడో ఆవిడ విద్యార్థుల సలహాదారు. ఫిర్యాదు చేసినవాడిగా నేను ఒక పక్క, మౌనిక ఎదురుగా. నేను లేచి, ఈ విద్యార్థిని విషయంలో తొందరపడ్డానని, మా ప్రాంతంలో కంఠస్థం చెయ్యడం చదువులో భాగమని, ఒక్క అయిదు నిమిషాలు ఆమెని విని చూడమని కోరాను. లిండా సరేనంది.

మౌనిక కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ మొదలుపెట్టింది. సైడ్ హెడ్డింగ్ ఒకటి, భౌగోళిక నేపథ్యం. సైడ్ హెడ్డింగ్ రెండు, జోమోన్ ప్రజలు. మాట తడబడలేదు. కామా దగ్గర చిన్నగా, ఫుల్‌స్టాప్ దగ్గర పెద్దగా ఊపిరి. లిండా కాగితం మీద వేలు పెట్టుకుని లైను లైనూ పోల్చుకుంటూ వెళ్ళింది, చివర్లో నా వైపు చూసి తల ఊపింది. నాకెంత గర్వంగా ఉందో! నా నోట్సు కెనడాలో ఒక కాన్ఫరెన్స్ రూములో పొల్లుపోకుండా వినిపిస్తోంది. ఛీ, ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అప్పుడు కెవిన్ అడిగాడు. చాలా మర్యాదగానే అడిగాడు. ఆ పుస్తకం తాను చూశానని, అందులో ఇలాంటి హెడ్డింగులు లేవని అన్నాడు. ఈ సిద్ధాంతం పాతబడి దశాబ్దాలైందని, ఈ కోర్సు స్లయిడ్లలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఉందని కూడా అన్నాడు. ఇది నీకు ఎక్కడిది? ఎవరైనా తయారుచేసి ఇచ్చారా? అని మౌనికని అడిగాడు.

ఆమె నా వైపు చూడలేదు. చూస్తే వాళ్ళకి తెలిసిపోతుందని చూడలేదని ఇప్పుడు అనుకుంటాను. బల్ల వైపు చూస్తూ, పుస్తకం తనే ఆన్‌లైన్‌లో వెతికానని, హెడ్డింగులు తనే పెట్టుకున్నానని ఇంగ్లీషులో చెప్పింది. లిండా నా వైపు తిరిగి, ఈ విషయంలో మీరేమైనా చెప్పదలిచారా ప్రొఫెసర్ అని అడిగింది. లేదన్నాను.

నిర్ణయం పదిహేను నిమిషాల్లో వచ్చింది. ఫోను వాడిందన్న ఆరోపణ కొట్టేశారు. కానీ ప్రచురితమైన పుస్తకాన్ని మూలం చెప్పకుండా ఉన్నదున్నట్టు తన జవాబుగా రాసినట్టు విద్యార్థిని స్వయంగా చూపించింది, స్వయంగా ఒప్పుకుంది. ఇక్కడి నియమాల్లో చూసి రాసినా, బట్టీ పట్టి రాసినా అది ఒకటే నేరం. ఇది రెండోసారి. కోర్సులో సున్నా, ఒక టర్ము సస్పెన్షన్. నేను ఊరికే ఉండి ఉంటే ఫోను ఆరోపణకి సాక్ష్యం లేదు, ఎర్ర రంగుని ఎలా వివరించాలో వాళ్ళకే తెలియక తర్జనభర్జన పడేవారేమో. నా ఉపాయమే వాళ్ళకి దారి చూపించింది. విషయం స్పష్టం చేసినందుకు లిండా నాకు కృతజ్ఞతలు చెప్పింది.

బయట కారిడార్‌లో మౌనిక నా కోసం ఆగి ఉంది. ఏడవలేదు. నేనే ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. నాకంటే ముందే, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది:

"పరేషాన్ కాకుండ్రి సార్. మీ పేరు చెప్పలే."

నేను ఏమన్నానో తెలుసా? "మంచిది," అన్నాను.

సస్పెన్షన్ తరువాత ఆమె తిరిగి చేరి డిప్లొమా పూర్తి చేసింది. మధ్యలో విరామం ఉందన్న కారణంగా వర్క్ పర్మిట్ నిరాకరించారు. ఆ తరువాత ఇండియా వెళ్ళిపోయిందని మిగతా నలుగురిలో ఒకరు చెప్పారు. నా కాంట్రాక్టు మరో మూడు టర్ములు కొనసాగింది. ఆఖరి రోజున కేకు కోసి, ప్రొఫెసర్ మూర్తి విద్యార్థుల పక్షాన నిలబడే మనిషని లిండా రెండు మాటలు మాట్లాడింది. తిన్నాను ఆ కేకు.

ఈ వ్యవహారం నేర్పిందేమిటని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాలేజీని తిట్టవచ్చు, నియమాలని తిట్టవచ్చు, మన బట్టీ చదువుల్ని తిట్టవచ్చు. నేను చాలాకాలం ఆ మూడు పనులూ చేశాను. చరిత్ర చెప్పేవాడి ఉద్యోగం ఒక్కటే, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం. ముప్ఫై ఏళ్ళు దానికే జీతం తీసుకున్నాను. ఒక మనిషి బతుకు దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు, ప్రొఫెసర్ అని పిలిచి నన్ను ఒకే ఒక్కసారి అడిగారు. చెప్పలేదు.